నేను అతికించిన రెండు వేళ్ళు

ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "ప్రింటింగ్ ప్రెస్సులో" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. వివరంగా చెబితే అవతలివాళ్ళు రెండో నిమిషంలోనే ఫోను చూసుకునేవారు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి వివరంగానే చెబుతాను. ఫొటోలు బాగుచేయడం నా పని. మిషను ఎక్కేముందు ప్రతి ఫొటో నా టేబుల్ మీదికి వచ్చేది. మచ్చలు తీసేవాణ్ణి, రంగు సరిచేసేవాణ్ణి, వంకరగా ఉన్న కాలరు సర్దేవాణ్ణి. దీన్ని రీటచింగ్ అంటారు. మొదట సంగారెడ్డిలో ఒక చిన్న ప్రెస్సులో, తర్వాత పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక పెద్ద ప్రెస్సులో, మొత్తం ముప్పై నాలుగేళ్ళు ఇదే చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి రెండు, రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

తెల్లగా రావాలి

మా నాన్న తెనాలి దగ్గర్నుంచి ఇక్కడి ప్లాంటు ఉద్యోగానికి వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే. అయినా నోరు తెరిస్తే చాలు, ఇప్పటికీ "ఆంధ్ర సారు" అనే అంటారు. సంగారెడ్డి ప్రెస్సులో నాకు పని నేర్పిన రాఘవులు గారు కూడా అలాగే పిలిచేవారు. అంత నిదానమైన చెయ్యి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కనురెప్ప మీద ఒక్కో వెంట్రుకనూ బ్రష్‌తో విడదీసేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం మాత్రం ఇది.

"చూడు ఆంధ్ర సారూ, ముఖం తెల్లగ రావాలె. పార్టీ ఖుష్ అయితె పని అయినట్టే."

మా ప్రెస్సుల్లో పని తెచ్చిన మనిషిని 'పార్టీ' అంటాం. ఒకసారి సర్పంచి ఎన్నికల్లో నిలబడ్డ ఒకాయనకి వాల్ పోస్టర్లు వేశాం. మంచి చామనఛాయ మనిషి. రాఘవులు గారు చెప్పినట్టే ఆయన్ని గోధుమ రంగులోకి తెచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆయన మళ్ళీ వచ్చాడు. సొంత ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టలేదని తిడతాడేమో అనుకున్నాను. ఆయన బాధ వేరే ఉంది.

"నా మీద నిలవడ్డోడు నాకన్న తెల్లగ వచ్చిండు సారు. ఇంకో రెండు నంబర్లు పెంచుండ్రి."

తెలుపు ఇంకో రెండు మెట్లు పెంచాను. ఆయన గెలిచాడు కూడా. అప్పటినుంచి ఏ ముఖం వచ్చినా, ఎవరూ అడక్కముందే రెండు నంబర్లు పెంచడం నాకు అలవాటైపోయింది. ఇందులో తప్పుందని కొన్నేళ్ళపాటు నాకు తోచనే లేదు.

ఈ పని అంతా మోసమేనని మీరు అనుకోకండి. ఒక కార్మికుడు చనిపోతే ఆయన భార్య గేట్ పాసు ఫొటో పట్టుకుని వచ్చింది. ఇంట్లో ఉన్న ఫొటో అదొక్కటే. బుగ్గ మీద కంపెనీ ముద్ర సగం పడింది. రెండు రోజులు కూర్చుని ఆ ముద్ర తీసేశాను. కింద బుగ్గ ఎలా ఉండేదో ఆమెను అడిగి అడిగి గీశాను. పెద్దది చేసి ఇస్తే ఆమె చాలాసేపు చూసి, "గిట్లనే ఉంటుండె" అంది. నా పని మీద నాకు గౌరవం కలిగిన రోజు అది.

చుక్క

పటాన్‌చెరు ప్రెస్సులో ఎక్కువగా మందుల కంపెనీల పనే ఉండేది. డబ్బాలు, డబ్బాల్లో మడతపెట్టి వేసే కాగితాలు. అప్పట్లో అన్నీ ఫిల్ములే. నెగెటివ్‌లో అక్షరాలు తెల్లగానూ, మిగతాదంతా నల్లగానూ కనిపిస్తుంది. దుమ్ము పడ్డ చోట్ల సూదిమొనంత తెల్ల చుక్కలు మిగిలిపోతాయి. వాటిని బ్రష్‌తో ఎర్ర రంగు అద్ది మూసేయాలి. ఈ పనిలో నేను మహా చురుకు. గంటలో అయ్యేది అరగంటలో ముగించి టీకి పోయేవాణ్ణి.

ఒకరోజు చెకింగ్‌లో కూర్చునే సరోజ గారు ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నెమ్మదైన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. "ప్రసాద్ గారూ, ఇక్కడ సున్నాకీ అయిదుకీ మధ్య చుక్క ఏదండీ?" అన్నారు. చుక్క లేదు. దుమ్మనుకుని నేనే మూసేశాను. పిల్లలకిచ్చే మందు కాగితం అది. అర మోతాదు అయిదు మోతాదులైపోయింది. ఆవిడ చూడకపోతే ఏమయ్యేదోనని ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత అంకెల జోలికి, అక్షరాల జోలికి పోవాలంటే నాకు వణుకే. కానీ ఆ జాగ్రత్త అంకెల దగ్గరే ఆగిపోయింది, మనుషుల ఫొటోల దాకా రాలేదు. అది నా బుద్ధి తక్కువతనం. నేనిది రాయడానికి కూర్చున్నది అసలు దాని గురించే.

పోస్టరు

రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా, నగరంలోని ఒక మ్యూజియం నుంచి మాకు పోస్టర్ల పని వచ్చింది. ఇప్పటి శిల్పులు చేసిన మనుషుల బొమ్మలతో ప్రదర్శన పెడుతున్నారు. పోస్టరు మీద ఒకటే బొమ్మ. కంపెనీ బస్సు కోసం ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చున్న ఆడమనిషి. నిలువెత్తు విగ్రహం. ఒళ్ళో టిఫిన్ డబ్బా, దాని మీద కుడి చెయ్యి. ఎడమ చెయ్యి మోకాలి మీద. ఆ మెడ అలసిపోయిన తీరు చూస్తే ఇది రాయీ కాదు ఫైబరూ కాదు, ఎవరో నిజంగానే కూర్చున్నారనిపించింది. చేసినామె సాహితి. ముప్పై ఏళ్ళు ఉంటాయి. అమీన్‌పూర్ చెరువు దగ్గర రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని పని చేసుకుంటుంది.

ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తుంటే కుడి చేతి దగ్గర నా కన్ను ఆగింది. చూపుడు వేలూ మధ్య వేలూ రెండో కణుపు దగ్గరే ఆగిపోయాయి. విగ్రహాన్ని ఆటోలో తరలించేటప్పుడు విరిగి ఉంటాయి, పాపం ఆ అమ్మాయి చూసుకోలేదు అనుకున్నాను. ఫోను చేసి ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. చెప్పకుండా బాగుచేసి పెడితే తర్వాత తెలిసి మురిసిపోతారనే ఒక గొప్ప నాకుండేది. ఎడమ చేతి వేళ్ళు రెండు తీసి, తిరగేసి, కుడి చేతికి అతికించాను. గోళ్ళ మీద వెలుగు కూడా సరిగ్గా కుదిరింది. ఒక పూటంతా పట్టింది. అంత బాగా కుదిరిన పని ఆ ఏడాదిలో మరొకటి లేదని సంబరపడ్డాను. ముఖం కూడా, ఎప్పటిలాగే, రెండు నంబర్లు పెంచాను.

ప్రూఫు, అంటే నమూనా, కాగితం మీద తీసి, పార్టీ చేత సంతకం పెట్టించుకున్నాకే మిషను ఎక్కించాలి. అది మా నియమం. ఆ వారం తొందరలో ఫోనుకి పంపాను. మ్యూజియం ఆఫీసులో ఉండే అమ్మాయి అరచెయ్యంత తెర మీద చూసి "ఓకే సార్" అని జవాబిచ్చింది. శుక్రవారానికల్లా మొత్తం అచ్చయిపోయింది.

నా చెయ్యి గాదు

శనివారం మధ్యాహ్నం పోస్టర్లు తీసుకుపోవడానికి సాహితి వచ్చింది. ఆమెతో ఇంకొకామె కూడా వచ్చింది. యాభైకి దగ్గరగా ఉంటుంది, కుడి చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. ముఖం చూడగానే పోల్చుకున్నాను, పోస్టరు మీద కూర్చున్నది ఆమే. పేరు యాదమ్మ, కాజీపల్లిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పని చేస్తుందట. "పోస్టరు మొదట ఈమే చూడాలంది అంకుల్" అని సాహితి నవ్వింది. నేను కూడా నవ్వుతూనే ఒక పోస్టరు తెచ్చి టేబుల్ మీద పరిచాను.

యాదమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగులోంచి కుడి చెయ్యి తీసి, పోస్టరు మీద ఆ చేతి పక్కనే పెట్టింది. చూపుడు వేలూ మధ్య వేలూ రెండో కణుపు దాకానే ఉన్నాయి.

"గీ చెయ్యి నాది గాదు సారు" అంది.

సాహితి ముఖం మాడిపోయింది. ఎవరూ ఏమీ అడగకుండానే యాదమ్మ చెప్పుకుంటూ పోయింది. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"పదకొండేండ్ల కింద మూతలు వత్తే మిషన్ల వొయినయి. అప్పటిసంది కొంగు కిందనే వెట్టుకోని తిరిగిన. అన్నం గూడ ఎవ్వలు సూడకుంట తిన్న. గీ పిల్ల బస్టాపుల నన్ను జూసి, అక్కా నీ బొమ్మ చేస్త, కూసోమన్నది. చేతులెట్లున్నయో గట్లనే చేస్తె కూసుంట, లేకుంటె కూసోనని చెప్పిన. మూడు నెలలు, ఐతారం ఐతారం కూసున్న."

"మంగళవారం ఓపెనింగు అంకుల్" అంది సాహితి. "అక్కతో పనిచేసిన ఆడవాళ్ళంతా సెలవు పెట్టుకుని వస్తున్నారు."

"స్వప్న గూడ వస్తనన్నది" అంది యాదమ్మ. "పోయినేడు గా పిల్లకు బొటనేలు వొయింది. ఇరవై రెండేండ్ల పిల్ల. ఇంట్లకెళ్ళి బైటికొస్తలేదు. నా బొమ్మ పెడుతుండ్రు, నా వేళ్ళు లేని చెయ్యే పెడుతుండ్రు, వచ్చి సూడు బిడ్డా అని ఆర్నెల్లు బతిలాడిన. ఇప్పుడు గోడల మీద గీ కాయితం సూస్తె గా పిల్ల ఏమనుకుంటది? యాదమ్మ గూడ ఆకర్కి సిగ్గువడ్డది, వేళ్ళు పెట్టిచ్చుకున్నది అనుకుంటది. నేనెట్ల రావాలె సారు? నేను రాను. బొమ్మ గూడ పెట్టొద్దు."

సున్నాకీ అయిదుకీ మధ్య చుక్క చెరిపినప్పుడు నాకు భయం వేసింది. ఈసారి సిగ్గు వేసింది. భయం కంటే సిగ్గు బరువని ఆ వయసులో తెలిసింది. "తప్పు నాదేనమ్మా" అన్నాను. "ఫొటోలో చూసి, బొమ్మ వేళ్ళు విరిగాయనుకుని నేనే అతికించాను. ఈ అమ్మాయికి తెలీదు."

మా ఓనరు నర్సింలు గారు మాటలు విని తన గదిలోంచి బయటికి వచ్చారు. చెడ్డవాడు కాదు. మిషను ఆగితే మాత్రం ఆయన ప్రాణం ఆగుతుంది. పోస్టరు చూశారు, యాదమ్మ చెయ్యి చూశారు. నన్ను పక్కకు పిలిచారు గానీ, మా హాల్లో పక్కకు పోయినా మాట అందరికీ వినబడుతుంది.

"ఎవలు సూస్తరు ప్రసాద్ గారూ, చెయ్యిని? అందరు ముఖమే సూస్తరు. గా చెయ్యి మీద తారీకు రాసి ఒక స్టిక్కరు ఏద్దాం. సోమవారం పొద్దుగాల నుంచి మందుల డబ్బాలున్నయి, మిషను ఏడిది?"

"నేను సూసిన గదా సారు" అంది యాదమ్మ, నిలబడ్డ చోటి నుంచే.

స్టిక్కరు మాట నాకు కూడా ఒక్క క్షణం మంచి ఉపాయంలాగే తోచింది, అబద్ధమెందుకు. కొంగు కింద పదకొండేళ్ళు దాచుకున్న చేతిని మళ్ళీ ఒక కాగితం కింద దాచడమే కదా అది అని ఆమె మాట విన్నాకే తట్టింది. "మళ్ళీ అచ్చు వేద్దామండీ" అన్నాను. "మ్యూజియం వాళ్ళకి తప్పు నాదని నేనే రాసిస్తాను."

మిషను నడిపే ఖాజా అప్పటిదాకా చేతులు తుడుచుకుంటూ దూరంగా నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా నా పనిని కాగితం మీదికి తెచ్చింది అతనే. "ఐతారం నేనొస్త సారూ" అన్నాడు. "మిషను ఖాళీనే గదా. క్యాలెండర్ల కాయితం మిగిలింది, సరిపోతది. పరేషాన్ గాకుండ్రి." నర్సింలు గారు ప్రెస్సు తాళాలు తెచ్చి అతని చేతిలో పెట్టారు.

రంగు కుదిరిన తీరు

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి నేనూ, ఖాజా, సాహితి, ఈసారి ఎలా వస్తుందో చూస్తానని వచ్చిన యాదమ్మా, నలుగురం ప్రెస్సులో ఉన్నాం. నేను అసలు ఫొటో మళ్ళీ తెరిచాను. వేళ్ళను ముట్టుకోలేదు, ముఖాన్నీ ముట్టుకోలేదు. కొత్త ప్రూఫు కాగితం మీద తీసి, సంతకానికి సాహితి ముందు పెట్టబోయి ఆగాను. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని వేల ముఖాలు నా చేతుల మీదుగా పోయాయో. ప్రూఫు మీద సంతకం ఎప్పుడూ పని తెచ్చినవాళ్ళదే. ఫొటోలో ఉన్న మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. కాగితాన్ని యాదమ్మ వైపు తిప్పాను.

"నేనా?" అంది.

"మీ బొమ్మ కదమ్మా. మీరు బాగుందంటేనే మిషను తిరుగుతుంది."

ఆమె తొందరపడలేదు. ముందు చెయ్యి చూసింది, తర్వాత మెడ, చీర అంచు, టిఫిన్ డబ్బా. "డబ్బా మూత సొట్ట గూడ వచ్చింది" అని సాహితి వైపు చూసి కొంచెం నవ్వింది. తర్వాత పెన్ను తీసుకుని, మిగిలిన వేళ్ళ మధ్య ఇరికించుకుని, పేరు మొత్తం రాసింది. ఆ అక్షరాలు నా అక్షరాల కంటే గుండ్రంగా ఉన్నాయి.

ఖాజా మిషను నడిపాడు. మొదట వచ్చిన షీట్లలో రంగు కుదరదు, అవన్నీ వేస్టే. ఖాజా ఒక షీటు లాగి లైటు కింద పరిచి, ప్రూఫు పక్కన పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఎరుపు ఎక్కువైంది. విగ్రహానికి యాదమ్మ ఒంటి రంగే రావాలని సాహితి నెలరోజులు రంగులు కలిపిందట. అది విని ఖాజా ప్రూఫును పక్కకు నెట్టాడు.

"అమ్మా, జెర మీ చెయ్యి ఇట్ల పెడ్తరా" అన్నాడు.

యాదమ్మ షీటు పక్కన చెయ్యి పెట్టింది. ఖాజా ఎరుపు తగ్గించాడు. ఇంకో షీటు వచ్చింది. మళ్ళీ చెయ్యి పెట్టింది. నలుపు కొంచెం పెంచాడు. నాలుగోసారికో అయిదోసారికో కాగితం మీది చెయ్యీ కాగితం పక్కన చెయ్యీ ఒకటే రంగుకు వచ్చాయి. ఖాజా నా వైపు చూశాడు. నేను యాదమ్మ వైపు చూశాను.

"ఆఁ, ఇగ కొట్టుండ్రి" అంది ఆమె.

మధ్యాహ్నం అన్నాల వేళకి పని అయిపోయింది. పాత పోస్టర్లన్నీ నేనే దగ్గరుండి కటింగ్ మిషను కింద ముక్కలు చేయించాను. మంగళవారం నేనూ మ్యూజియానికి వెళ్ళాను. కాజీపల్లి ఆడవాళ్ళు ఒక వ్యాను నిండా వచ్చారు. స్వప్న వచ్చింది. విగ్రహం ముందు చున్నీలో చెయ్యి పెట్టుకునే నిలబడింది, అది నిజం. ఒక్కరోజులో అంతా మారిపోయిందని నేను రాయను. కానీ ఇంటికి పోయేముందు పోస్టరు ఒకటి అడిగి తీసుకుంది. చుట్టి పట్టుకోవడానికి రెండు చేతులూ బయటికి తీసింది.

ఈ పనికి వచ్చేవాళ్ళకు

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్లే ఎవరూ చెప్పకుండా ముఖాలు తెల్లగా చేస్తున్నాయి. నాకు ఒక పూట పట్టిన వేళ్ళు మీకు ఒక్క నొక్కుతో మొలుస్తాయి. కాబట్టి చెయ్యి తిరగడం గొప్ప కాదు. ఎక్కడ ఆపాలో తెలియడం గొప్ప. అది నాకు తెలుసని మొన్నటిదాకా అనుకున్నాను.

మొన్న యాదమ్మ మా ఇంటికి వచ్చింది. కొల్లూరు కాలనీలో ఆమెకి ప్రభుత్వం ఇచ్చే డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చిందట, మొన్ననే దిగిందట. సంచిలోంచి ఒక ఫొటో తీసింది. చిన్న కూతురి పెళ్ళిలో తీసింది, పెద్ద సైజు. అక్షింతలు వేస్తున్న యాదమ్మ కుడి చేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి. నాలాంటి మహానుభావుడెవడో స్టూడియోలో కూర్చుని, అడక్కుండానే అతికించాడు.

"కొత్తింట్ల గోడకు పెడ్దామని తీసిన. నా మనవరాలు సూసి, అమ్మమ్మా ఇది నువ్వు గాదంటది. ఈ వేళ్ళు తీసెయ్యి సారూ."

కంప్యూటరు తెరిచి కూర్చున్నాను. ఆమె చెయ్యి కిటికీ వెలుగులో టేబుల్ మీద పెట్టించి ఫొటో తీసుకున్నాను. దాన్ని చూస్తూ అక్షింతలు జారిపోకుండా ఒక్కో వేలే తగ్గించాను. జీవితమంతా అతికించిన వాణ్ణి, తీసేయడానికి అంతకు రెట్టింపు సేపు పట్టింది. ఆమె పక్కనే కుర్చీ వేసుకుని చూసింది. చెయ్యి పూర్తయ్యాక పైకి చూస్తే ముఖం మరీ పాలిపోయి ఉంది. ఆ స్టూడియో మనిషి రెండు నంబర్లు కాదు, ఆరు పెంచాడు. నాకిప్పుడు బుద్ధి వచ్చింది కదా అని, అసలు రంగు తెద్దామని మొదలుపెట్టాను.

యాదమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గది ఉండనియ్యి సారూ. బిడ్డ పెండ్లి నాడు జెర తెల్లగుంటె ఏమైతది."

ముఖాన్ని అలాగే ఉంచి ప్రింటుకి ఇచ్చాను.